ఇంట్లో ఉన్నదెవరు? స్వాధీనం గురించి పత్రాలూ చట్టాలూ ఏమంటాయి

(ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో సివిల్ న్యాయవాది చేసిన ప్రసంగానికి, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు మైకు సరిగ్గా వినిపించకపోతే చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

సంఘం వాళ్ళు నన్ను ఆస్తి పత్రాల్లో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. అది గంటలో అయ్యే పని కాదు. అందుకే ఒక్క విషయం పట్టుకుంటాను. ఇల్లు గానీ స్థలం గానీ ఎవరి స్వాధీనంలో ఉంది అన్న ప్రశ్న. కొనేటప్పుడు హక్కు గురించి మనం బాగానే జాగ్రత్త పడతాం. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఈసీ ముప్పై ఏళ్ళది తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, లాయరు దగ్గర ఒపీనియన్ తీసుకుంటాం. లోపల ఎవరున్నారు, ఏ హక్కుతో ఉన్నారు, ఎప్పుడు ఖాళీ చేస్తారు అన్న దగ్గరకు వచ్చేసరికి మాత్రం "రిజిస్ట్రేషన్ రోజు తాళాలు ఇచ్చేస్తార్లెండి" అని వదిలేస్తాం. సివిల్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగే తగాదాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కల్పించి చెబుతున్నదే అయినా ఈ హాల్లో చాలామందికి తెలిసిన పరిస్థితి. రిటైరైన భార్యాభర్తలు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. పురిటికి సాయంగా ఉండాలని ఇద్దరూ ఆరు నెలలు అక్కడికి వెళ్ళారు. ఇక్కడి ఇంటికి తాళం వేశారు. ఒక తాళంచెవి పక్కింటివాళ్ళకిచ్చారు. సామాను మొత్తం లోపలే ఉంది. ఆ ఆరు నెలలూ ఆ ఇంట్లో నివాసం ఉన్నట్టా, లేనట్టా?

ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఉన్నట్టే లెక్క. యజమాని సొంత నివాసానికి ఉంచుకున్న ఇంటికి వార్షిక విలువ సున్నాగా చూస్తారు. 2019-20 ఆర్థిక సంవత్సరం నుంచి ఇలా రెండు ఇళ్ళు చూపించుకోవచ్చు. ఇంతకుముందు ఇంట్లో ఉండకపోతే ఉద్యోగం వల్లనో వ్యాపారం వల్లనో వేరే ఊళ్ళో ఉన్నామని చెప్పుకోవలసి వచ్చేది. 2025 ఫైనాన్స్ చట్టంతో ఆ మెలిక తీసేశారు. ఏ కారణం చేత ఉండలేకపోయినా సరే, అది సొంత నివాసమే. అయితే ఏడాదిలో కొంతకాలమైనా అద్దెకిస్తే ఈ వెసులుబాటు ఆ ఇంటికి వర్తించదు.

సివిల్ కోర్టు కూడా స్వాధీనం ఆ భార్యాభర్తలదే అంటుంది. ఆస్తి మీద అదుపు, దాన్ని తమదిగా ఉంచుకోవాలన్న ఉద్దేశం, ఈ రెండూ ఉంటే చాలు. రోజూ అక్కడ వండుకు తినాలని లేదు. తాళం వాళ్ళది, సామాను వాళ్ళది, తిరిగి వచ్చే ఉద్దేశం ఉంది. ఎవరైనా ఆ తాళం పగలగొట్టి లోపలికి వెళితే, ఖాళీ ఇంట్లోకి వెళ్ళామని చెప్పుకోవడం కుదరదు.

ఇప్పుడు అగ్నిప్రమాదాల బీమా పాలసీ తీయండి. మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఒక షరతు ఉంది. భవనంలో ఎవరూ నివసించకుండా 30 రోజులకు మించి ఉండిపోతే, ముందుగా కంపెనీ అనుమతి తీసుకుని పాలసీ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకుంటే తప్ప, బీమా రక్షణ ఆగిపోతుంది. పన్ను చట్టానికి నివాసం, కోర్టుకు స్వాధీనం అయిన ఇల్లే, ముప్పై ఒకటో రోజుకు బీమా కంపెనీ దృష్టిలో ఎవరూ లేని ఇల్లు. నలభయ్యో రోజున షార్ట్ సర్క్యూట్ అయి ఇల్లు కాలితే, "మా పన్ను రిటర్నులో సొంత నివాసమని ఉందండీ" అని చూపించినా లాభం లేదు.

వీళ్ళలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. పన్ను చట్టం ఆ ఇంటి మీద ఆదాయం వస్తోందా అని చూస్తుంది. కోర్టు ఆ ఇంటి మీద అదుపు ఎవరిదని చూస్తుంది. బీమా కంపెనీ పొగ వస్తే గమనించే మనిషి ఉన్నాడా అని చూస్తుంది. ఎవరి అవసరం వాళ్ళది. నివాసం, స్వాధీనం అన్న మాటలు ఏ కాగితంలో కనిపించినా, ఆ కాగితం ఎందుకు అడుగుతోంది, ఏ తేదీ నాటికి అడుగుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. మీలో ఎవరైనా నెల దాటి ఊరు వెళుతుంటే పాలసీ తీసి ఆ షరతు ఉందో లేదో చూసుకోండి, కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. మీ పాలసీలో రోజుల లెక్క వేరేగా ఉండొచ్చు, కొన్ని కొత్త పాలసీల మాటలు కూడా వేరు. మీ దగ్గరున్న కాగితంలో ఏముందో అదే లెక్క.

ఇప్పుడు కొనుగోళ్ళ దగ్గరకు వద్దాం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

మన సేల్ డీడుల్లో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది. "సదరు ఆస్తిని ఈ దినమే మీకు ఖాళీ స్వాధీనము చేసినాము." దస్తావేజు లేఖరులు పాత నమూనాలోంచి దించేస్తారు. ఆ వాక్యం రాస్తున్న సమయానికి కింది పోర్షనులో అద్దెకున్న కుటుంబం అన్నం తింటూ ఉంటుంది. అందరికీ తెలుసు, అయినా సంతకాలు అయిపోతాయి. నాకు ఇది చాలా బాధ కలిగించే అలవాటు. అమ్మేవాడు నిజం కానిది రాసిస్తున్నాడు, కొనేవాడు అందనిదాన్ని అందిందని ఒప్పుకుంటున్నాడు. తర్వాత ఆ అద్దెవాళ్ళు ఖాళీ చేయకపోతే అమ్మినవాడు నిశ్చింతగా ఉంటాడు. "స్వాధీనం ఇచ్చానని రాసిచ్చాను కదా" అంటాడు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 55 ఉంది. అమ్మినవాడు, కొన్నవాడు కోరినప్పుడు, ఆస్తి స్వభావాన్ని బట్టి ఎలాంటి స్వాధీనం ఇవ్వడానికి వీలవుతుందో అలాంటి స్వాధీనం ఇవ్వాలని అందులో ఉంది. ఖాళీ ఇల్లయితే తాళాలు ఇస్తాడు. అద్దెవాళ్ళున్న ఇల్లయితే, ఇకనుంచి అద్దె వీరికి కట్టండి అని అద్దెవాళ్ళకు ఉత్తరం రాసిస్తాడు. అది కూడా స్వాధీనం ఇవ్వడమే. అందులో తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే చాలు. ఫలానా పోర్షనులో ఫలానా వారు నెలకు ఇంత అద్దెకు ఉన్నారు, వారి అడ్వాన్సు ఇంత, అది ఇకమీదట ఎవరి బాధ్యత, వాళ్ళు ఖాళీ చేసేవరకు ఎంత సొమ్ము ఆపి ఉంచుతున్నాం. ఈ నాలుగు మాటలు రాయడానికి అర పేజీ చాలు.

అదే చట్టంలో సెక్షన్ 3 కింద ఒక వివరణ ఉంది. చాలామంది లాయర్లు కూడా దాన్ని దాటేసి వెళ్ళిపోతారు. ఆస్తి కొనే సమయానికి అందులో వాస్తవంగా ఎవరు స్వాధీనంలో ఉన్నారో, వాళ్ళకున్న హక్కు ఏదైనా సరే అది కొన్నవాడికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. అద్దెకున్నాడని మీరు అనుకున్న మనిషి చేతిలో ఇంటి కొనుగోలు అగ్రిమెంటు ఉండొచ్చు. మీకు తెలియదు, ఈసీలో రాలేదు. అయినా మీకు తెలిసినట్టే లెక్క. సరిగ్గా ఇలాంటి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2000లో తీర్పు వచ్చింది. అద్దెదారు దగ్గర ముందే అగ్రిమెంటు ఉంది, తర్వాత ఇంకొకరు ఆ ఆస్తి కొన్నారు. లోపలున్నవాణ్ణి అడిగి తెలుసుకోవలసిన బాధ్యత కొన్నవాళ్ళదే అన్నారు. కాబట్టి కొనేముందు లోపలికి వెళ్ళండి. తలుపు తీసిన మనిషితో మాట్లాడండి. "మీరు ఇక్కడ ఎలా ఉంటున్నారు?" అని మర్యాదగా అడగండి. వీలైతే వాళ్ళ చేత ఒక కాగితం మీద రాయించుకోండి.

ఆ తలుపు తీసింది కోడలైతే ఇంకా జాగ్రత్తగా వినాలి. 2005 గృహహింస చట్టం కింద, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంటుంది. ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా, వాస్తవాలను బట్టి ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది యాజమాన్య హక్కు కాదు, నివాస హక్కు. కానీ కోర్టులో ఆ కేసు నడుస్తుండగా ఇల్లు కొన్నవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక అగ్రిమెంట్లు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడే స్వాధీనం ఇచ్చేశామని రాయడం మన దగ్గర మామూలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు షెడ్యూలు 47-ఏ కింద ఉన్న వివరణ ప్రకారం, స్వాధీనం ఇచ్చినట్టున్న అగ్రిమెంటుకు అమ్మకం దస్తావేజుకు కట్టినంత స్టాంపు డ్యూటీ కట్టాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని తర్వాత దావా వేస్తే, అవతలి లాయరు లేచి అభ్యంతరం చెబుతాడు. కోర్టు ఆ కాగితాన్ని ఇంపౌండ్ చేస్తుంది, అంటే తన దగ్గరే ఆపి ఉంచుతుంది. తక్కువ పడిన డ్యూటీకి పది రెట్ల వరకు పెనాల్టీ పడవచ్చు. ఆ డబ్బు కట్టేదాకా మీ అగ్రిమెంటు సాక్ష్యంగా పనికిరాదు. దీనికితోడు 2001 సెప్టెంబర్ 24 తర్వాత రాసిన అగ్రిమెంటు అయితే, రిజిస్టరు చేయించకుండా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53-ఏ రక్షణ దొరకదు. అంటే అగ్రిమెంటు మీద స్వాధీనంలోకి వచ్చినవాణ్ణి అమ్మినవాడు వెళ్ళగొట్టకుండా చట్టం ఇచ్చే అడ్డు మీకు ఉండదు. ఒక్క వాక్యం, రాసినా కష్టం తెస్తుంది, రాయకపోయినా కష్టం తెస్తుంది. అందుకే అది నిజమా కాదా చూసి రాయాలి. తాళాలు ఇవ్వకుండా ఇచ్చామని రాయొద్దు. ఇచ్చి ఉంటే రిజిస్టరు చేయించండి.

అపార్టుమెంట్లు కొన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీకు స్వాధీనం ఏ రోజు వచ్చినట్టు? గృహప్రవేశం చేసిన రోజా, తాళాలిచ్చిన రోజా, రిజిస్ట్రేషన్ రోజా?

బిల్డర్లను అదుపులో పెట్టే 2016 రెరా చట్టంలో చాలా హక్కులకు స్వాధీనం ఇచ్చిన తేదీయే కొలత. చెప్పిన గడువుకు బిల్డరు ఇవ్వకపోతే, సెక్షన్ 18 కింద డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు. వద్దు, ఫ్లాటే కావాలంటే, స్వాధీనం ఇచ్చేదాకా నెలనెలా ఆలస్యానికి వడ్డీ అడగవచ్చు. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. మరి ఆ స్వాధీనం ఎప్పుడివ్వాలి? భవనంలో కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ లాంటి సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మనం ఓసీ అంటాం, అది వచ్చాక. సెక్షన్ 19 ప్రకారం ఓసీ వచ్చిన రెండు నెలల్లో కొన్నవాళ్ళు స్వాధీనం తీసుకోవాలి. రాష్ట్రం వేరే గడువు పెట్టకపోతే, ఓసీ తేదీ నుంచి మూడు నెలల్లో బిల్డరు రిజిస్ట్రేషన్ చేయాలి.

జరిగేది వేరు. ఓసీ రాదు. బ్యాంకు ఈఎంఐ ఒకవైపు, ఉంటున్న ఇంటి అద్దె ఒకవైపు, కొన్నవాళ్ళ మీద టెన్షన్ పెరిగిపోతుంది. అప్పుడు బిల్డరు ఆఫీసు నుంచి ఫోను వస్తుంది, ఇంటీరియర్స్ చేయించుకోండి, తాళాలిస్తాం అని. సంతోషంగా వెళతారు. అక్కడ ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. అందులో "ఫ్లాటును అన్ని విధాలా పరిశీలించి పూర్తి స్వాధీనం తీసుకున్నాను, ఇకమీదట నాకు ఎలాంటి క్లెయిమూ లేదు" అని ఉంటుంది. ఆ సంతకం చూపించి, ఆలస్యానికి ఇవ్వవలసిన వడ్డీ ఆ రోజుతో ఆగిపోయిందని బిల్డరు వాదిస్తాడు.

కోర్టులు ఈ వాదనను అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. ఆగ్రాకు చెందిన ఒక కేసులో 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, కంప్లీషన్ సర్టిఫికెట్టూ అగ్నిమాపక అనుమతీ లేకుండా స్వాధీనం తీసుకోమంటే అది చెల్లే పిలుపు కాదని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్ 17న మీరట్ కేసులో ఇంకా ముందుకు వెళ్ళింది. ఓసీ తర్వాతే కొన్నవాళ్ళకు స్వాధీనం ఇస్తామని బిల్డరు హామీ రాసివ్వాలి. కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఓసీ చూసుకున్నాకే భవనాన్ని సెక్యూరిటీగా పెట్టుకుని అప్పివ్వాలి. మన దగ్గర 2012 భవన నిబంధనల్లోనే పది శాతం నిర్మాణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టి, ఓసీ వచ్చాక విడిపించుకునే పద్ధతి పెట్టారు. అయినా ఓసీ లేని భవనాల్లో వేల కుటుంబాలు కాపురాలుంటున్నాయి. ఆ కుటుంబాలను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు, రెండు చోట్ల డబ్బు కట్టలేక వచ్చి ఉంటారు. కాకపోతే ఆ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు, "ఇంటీరియర్ పనుల కోసం మాత్రమే తాళాలు తీసుకున్నాను, ఓసీ ఇంకా ఇవ్వలేదు, నా హక్కులు వదులుకోవడం లేదు" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. రాయనివ్వకపోతే అదే సంగతి ఆ రోజే మెయిల్‌లో పంపండి. ఏళ్ళ తర్వాత రెరాలో మిమ్మల్ని కాపాడేది ఆ మెయిలే.

ఖాళీ ప్లాట్ల సంగతి చూద్దాం. ఖాళీ స్థలంలో ఎవరూ ఉండరు, గడ్డి ఉంటుంది. మరి స్వాధీనం ఎవరిది? వరంగల్‌లోని రెండు ఖాళీ స్థలాల కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ రోజూ మన కోర్టుల్లో చదువుతారు. ఖాళీ స్థలంలో స్వాధీనం హక్కు ఉన్నవాడి వెంటే ఉంటుంది. కానీ అవతలివాడు కూడా హక్కు నాదే అని గట్టి కాగితాలు చూపిస్తే, అతన్ని స్థలం జోలికి రాకుండా ఆపే ఇంజంక్షన్ ఒక్కటే అడిగితే చాలదు. హక్కు తేల్చమని కూడా దావాలో అడగాలి. అందుకే నేను ప్లాటున్నవాళ్ళకు చెప్పేది, నాలుగు మూలలా రాళ్ళు పాతి, ఫెన్సింగ్ వేసి, ఏడాదికోసారి వెళ్ళి ఫోటోలు తీయించుకోమని. ఖాళీ స్థలం పన్ను కట్టి రసీదు దాచుకోండి. వీటిలో ఏ ఒక్కటీ హక్కు ఇవ్వదు, కానీ స్వాధీనానికి సాక్ష్యంగా అన్నీ పనికొస్తాయి.

స్వాధీనం అనే మాటకు ప్రభుత్వం విషయంలో ఏం జరిగిందో చెబుతాను. పట్టణ భూ పరిమితి చట్టం 1976లో వచ్చింది. హైదరాబాద్, విశాఖ, విజయవాడ చుట్టూ చాలా భూములను మిగులు కింద తేల్చారు. ఆ చట్టాన్ని కేంద్రం 1999లో రద్దు చేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008 మార్చి 27 నుంచి ఆ రద్దును అమల్లోకి తెచ్చింది. రద్దయ్యేనాటికి ప్రభుత్వం స్వాధీనం తీసుకోని భూమి యజమానికే మిగులుతుంది. గెజిట్‌లో ప్రభుత్వానికి దఖలు పడిందని వేశారు కదా, స్వాధీనం వచ్చేసినట్టే అని అధికారులు అన్నారు. 2013లో ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. కాగితం మీద దఖలు పడితే చాలదు, నోటీసు ఇచ్చి, భూమి మీదకు వెళ్ళి నిజంగా తీసుకుని ఉండాలి అని చెప్పింది. ఎన్నో కుటుంబాలకు భూములు దక్కింది ఆ ఒక్క మాటతోనే.

అదే సుప్రీంకోర్టు 2020లో, ఐదుగురు జడ్జీల ధర్మాసనం, 1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్న భూముల గురించి వేరే తీర్పు ఇచ్చింది. అక్కడ పరిహారం తేల్చే అవార్డు అయ్యాక అధికారి వెళ్ళి పంచనామా రాస్తే స్వాధీనం తీసుకున్నట్టే. తర్వాత కూడా రైతు ఆ పొలం దున్నుకుంటూ ఉంటే అతను చట్టం దృష్టిలో అక్రమంగా ఉన్నవాడే. ఒక చట్టంలో గట్టు మీద నిలబడి తీసుకుంటేనే స్వాధీనం, ఇంకో చట్టంలో కాగితం రాస్తే స్వాధీనం. రెండోది రైతుకు చాలా కఠినంగా ఉందనే నా అభిప్రాయం, కానీ ఇవాళ్టికి చట్టం అదే. పంచనామా కాగితం మీద సంతకం అడిగితే, అది ఏమిటో చదవకుండా పెట్టొద్దని పల్లెల్లో ఉన్న మీవాళ్ళకు చెప్పండి.

బ్యాంకు వేలం ప్రకటనలు పేపర్లో చూసి తక్కువకొస్తుందని ఆశపడేవాళ్ళకు ఒక్క మాట. ఆ ప్రకటనలో "సింబాలిక్ పొజెషన్" అని ఉందా, "ఫిజికల్ పొజెషన్" అని ఉందా చూడండి. మొదటిదైతే బ్యాంకు గోడ మీద నోటీసు అంటించింది, అప్పు తీసుకున్నవాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు. బ్యాంకులు బాకీలు వసూలు చేసుకునే 2002 సర్ఫేసీ చట్టం సెక్షన్ 14 కింద బ్యాంకు జిల్లా మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళి ఖాళీ చేయించాలి. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నామని ప్రకటనలోనే రాసి ఉంటుంది, ఆ తర్వాత ఎవరినీ అడగడానికి ఉండదు.

ఇంక నేను ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

ఒక శ్రోత: మేడం, మా అన్నయ్య ఇల్లు కట్టుకుని కుటుంబంతో విదేశాలకు వెళ్ళిపోయాడు. నా భర్త పోయాక, నన్ను ఆ ఇంట్లో ఉండమన్నాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు నేనే కడుతున్నాను. పన్నెండేళ్ళు దాటితే హక్కు వస్తుందంటారు కదా?

అమ్మా, ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది, కానీ నిజం చెప్పాలి. ఆ పన్నెండేళ్ళ లెక్క మీకు వర్తించదు. అది యజమాని హక్కును కాదని, బాహాటంగా, ఎడతెగకుండా, ఈ ఆస్తి నాదే అని ఉన్నవాడికి. అలా ఉన్నాడని నిరూపించే భారం కూడా అతని మీదే. ప్రభుత్వ భూమి అయితే ఆ గడువు ముప్పై ఏళ్ళు. మీరు అన్నయ్య అనుమతితో ఉన్నారు. అనుమతితో ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళున్నా అది యజమాని తరఫున ఉన్నట్టే. 2012లో గోవా కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాగే తోబుట్టువుల తగాదా వచ్చింది. ఇల్లు సోదరిది, ఉంటున్నది సోదరుడు. డబ్బు తీసుకోకుండా ఉండనిచ్చిన ఇంట్లో, దశాబ్దాలు గడిచినా హక్కు పుట్టదని, వాచ్‌మన్‌కూ కేర్‌టేకర్‌కూ పనిమనిషికీ అదే సూత్రమని అక్కడ చెప్పారు. పన్ను రసీదులు మీరు ఉంటున్నారని చూపిస్తాయి, అంతే.

అయితే మిమ్మల్ని రాత్రికి రాత్రి ఎవరూ బయటకు పంపకూడదు, కోర్టు ద్వారానే రావాలి. నా సలహా ఒకటే. అన్నయ్యతో ఇప్పుడే మాట్లాడండి, మంచిగా ఉన్న రోజుల్లోనే. మీరు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండేలా ఒక రిజిస్టర్డ్ దస్తావేజు రాయమని అడగండి. ఆయన ఒప్పుకుంటే కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి ఇక్కడికి పంపవచ్చు. అన్నయ్య తర్వాత పిల్లలతో ఈ మాట మాట్లాడటం కష్టమవుతుంది.

ఇంకొక శ్రోత: మా ప్లాటులో ఎవరో రేకుల షెడ్డు వేసి ఒక కుటుంబాన్ని పెట్టారు. నెల రోజులైంది. పోలీసులు సివిల్ మేటర్ అంటున్నారు.

అయ్యా, నెల అంటే మీకు టైము ఉంది, కానీ వృథా చేయకండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద, వెళ్ళగొట్టిన ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే, ముందున్నవాడికి స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా వేయడానికి లేదు. ఆరు నెలలు దాటితే హక్కు మీద పెద్ద దావా వేయాలి, దానికి ఏళ్ళు పడతాయి. మీరు ముందు స్వాధీనంలో ఉన్నారని చూపించాలి కాబట్టి ఫెన్సింగ్ బిల్లు, పాత ఫోటోలు, ఏవి ఉంటే అవి పట్టుకురండి. గొడవ శాంతిభద్రతల దాకా పోతే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళే దారి కూడా ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 145, ఇప్పుడు దాని బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 164. పోలీసు రిపోర్టు అందడానికి ముందు రెండు నెలల లోపు బలవంతంగా వెళ్ళగొట్టి ఉంటే, వెళ్ళగొట్టినవాడికి కాకుండా మీకే స్వాధీనం ఉన్నట్టు మెజిస్ట్రేట్ చూడవచ్చు. మీరు మనుషుల్ని తీసుకెళ్ళి షెడ్డు పీకేస్తే మాత్రం ఈ దారులన్నీ మూసుకుపోతాయి, మీ మీదే కేసు పడుతుంది.

మరొక శ్రోత: గుంటూరు జిల్లాలో మాకు నాలుగెకరాలుంది, కౌలుకిచ్చాం. కౌలు కార్డు కోసం సంతకం పెట్టమని ఆయన అడుగుతున్నాడు. పెడితే పొలం స్వాధీనం రాసిచ్చినట్టు అవుతుందని మా ఇంట్లో భయపడుతున్నారు.

ఈ భయం వల్ల ఎంతమంది కౌలురైతులు నష్టపోతున్నారో చెప్పలేను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ ఒప్పందం పదకొండు నెలలకే. కౌలుదారుకు వచ్చేది పంట మీద హక్కు. పంట రుణం, పంట బీమా, తుపాను వస్తే నష్టపరిహారం, వీటికోసం ఆ కార్డు. భూమి మీద ఏ హక్కూ రాదని, మీ యాజమాన్యానికి భంగం లేదని ఆ చట్టమే చెబుతోంది. పాత కౌలుదారీ చట్టాల కాలంలో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాల కథలు విని మీవాళ్ళు భయపడుతున్నారు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఈ కాగితం అది కాదు. ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం, మొదలయ్యే తేదీ, పదకొండు నెలల తర్వాత ముగిసే తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి, సంతకం పెట్టండి. వచ్చే ఏడు మళ్ళీ ఆయనకే ఇస్తే కొత్తగా రాసుకోండి. పెట్టుబడి పెట్టి, మందు కొట్టి, కోతకొచ్చిన పంట నీళ్ళలో మునిగితే, ఆ కార్డు లేని మనిషికి రావలసిన పరిహారం పొలం పేరున్నవాళ్ళ ఖాతాలో పడుతుంది. మీరు ఎటూ దాన్ని తీసుకోవాలని అనుకోరు కదా.